ట్రేలో పెట్టిన గొంతు

మా బాపు ఉద్యోగమే మనుషుల్ని అనుమానించడం. గోదావరిఖనిలో ఒక భూగర్భ గని దగ్గర, కిందికి దిగబోయే ప్రతి మనిషినీ ఆపి ఒళ్ళంతా తడిమి చూసేవాడు. బీడీ, అగ్గిపెట్టె, లైటర్, నిప్పు పుట్టించేది ఏదీ బొగ్గు దాకా పోకూడదు. గనిని మా దగ్గర బాయి అంటారు. బాయి మీద ఈ తలాషీ పనిని రిటైరయ్యేదాకా ఆయనే చేశాడు. షిఫ్టు మారే వేళ వరుసలో నిలబడేవాళ్ళలో సొంత బావమరుదులు ఉండేవాళ్ళు, చర్చిలో పక్క కుర్చీలో కూర్చునేవాళ్ళు ఉండేవాళ్ళు, ముందురోజు మా ఇంట్లో అన్నం తిని పోయినవాళ్ళూ ఉండేవాళ్ళు. ఎవరైనా ఒకటే మాట: "చెయ్యి లేపు." టోపీ అంచులోంచి, టిఫిన్ డబ్బా మూత కింది నుంచి, చెప్పు అట్టల మధ్య నుంచి ఆయన బీడీలు తీసిన కథలు మా క్వార్టర్ల వరుసలో అందరికీ తెలుసు. పెళ్ళిళ్ళకు పోతే కొందరు ఆయన్ను చూడగానే నవ్వుతూ చేతులు పైకెత్తేవాళ్ళు. బాపు నవ్వేవాడు కాదు. అలవాటుగా వాళ్ళ జేబుల వైపు చూసేవాడు.

ఇంట్లోనూ అదే మనిషి. పాలవాడు పోసిన పాలను వాసన చూసేవాడు. ఎవరైనా చుట్టం చెప్పకుండా వస్తే, మంచినీళ్ళిచ్చి, "ఏం పని మీద వచ్చినవ్?" అని అడిగేవాడు. నేను కాలేజీ నుంచి వచ్చినప్పుడు నా సంచి బరువును కళ్ళతోనే తూచేవాడు. అప్పట్లో నాకు చాలా కోపంగా ఉండేది.

రిటైరైన కొన్నాళ్ళకు ఆయన గొంతు బొంగురు పోయింది. మొదట జలుబన్నారు, తర్వాత బొగ్గుదుమ్మన్నారు. చివరికి హైదరాబాదులో ఒక డాక్టర్ గొంతులోకి గొట్టం పెట్టి చూసి, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని చెప్పాడు. బాపు ఆయన్ను నమ్మలేదు. ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు. ఆయనా అదే చెప్పాడు. "ఇద్దరూ ఒక్కకాడ సదివిండ్రు కావచ్చు" అన్నాడు బయటికి వస్తూ. ముంబైలో ఒక పెద్ద దవాఖానలో ఆపరేషన్ తేదీ ఖాయమైన తర్వాత కూడా ఆయన ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు.

ఆ రోజుల్లో నేను చౌరస్తా దగ్గర ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు టైప్ చేయడం నా పని. తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది కాబట్టి పెళ్ళిపత్రికల కంటే కరపత్రాలే ఎక్కువ వచ్చేవి. మా ఓనరు స్నేహితుడి దగ్గర ఒక పాత నల్ల ల్యాప్‌టాప్ కొనుక్కున్నాను. దాని సీడీ డ్రైవ్ పనిచేసేది కాదు. మిగతావన్నీ బాగుండేవి. బాపు గొంతును అందులో దాచుకోవాలని నాకొక రోజు పని మధ్యలో తోచింది. సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పాను.

"నా గొంతు ఆ డబ్బల వెట్టి ఏం జేస్తవ్ బిడ్డా?"

"దాస్త బాపూ."

"దాసి?"

"ఇనాలనిపించినప్పుడు ఇంట."

"నేనేడికన్న పోతున్ననా? ఇంట్లనే ఉంట గద."

"నువ్వుంటవ్. గొంతు ఉండదు గదా" అనేశాను. అన్నాక వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

బాపు కాసేపు ల్యాప్‌టాప్ మూత వైపే చూశాడు. "దాన్ని ఇంకెవ్వలన్న తెరుస్తరా?" అని అడిగాడు.

"నేనిస్తెనే."

"నువ్వు ఇయ్యకు."

మరుసటి రోజు సాయంత్రం ఆయన స్నానం చేసి, తల దువ్వుకొని, ఆదివారం చొక్కా వేసుకొని వచ్చి తనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బైబిల్లోంచి కీర్తనలు చదివాడు. తను కుర్రవాడిగా తట్టా చెమ్మసూ పట్టి, పారతో బొగ్గెత్తిన రోజులు చెప్పాడు. మోకాలి మీద బొగ్గుపెళ్ళ పడటంతో తేలికపాటి పనికి మార్చిన సంగతి చెప్పాడు. నన్నూ, వేరే ఊళ్ళో ఉండే తమ్ముణ్ణీ పేర్లు పెట్టి పిలిచాడు. అమ్మ తలుపు దగ్గర నిలబడి, "నన్ను పిలిచేది గూడ పట్టుమను" అంది. బాపు ఆమెను ఎన్నడూ పేరుతో పిలవలేదు. గొంతు సవరించుకొని, "ఇగో, ఇన్ని నీళ్ళియ్యి" అన్నాడు. అమ్మ నిజంగానే నీళ్ళు తెచ్చింది. మేం ముగ్గురం నవ్విన నవ్వు కూడా అందులో పడింది.

అట్లా చాలా సాయంత్రాలు నడిచింది. ఒకరోజు బాయి మీద ఆయన తలాషీ ఎట్లా చేసేవాడో చేసి చూపమన్నాను. నిలబడి, మొత్తం వరుస తన ముందున్నట్టే చేశాడు.

ఇంకో కాపీ తీసి పెట్టాలని నాకు మొదటినుంచీ ఉంది, కానీ పెన్‌డ్రైవ్ కూడా షాపులోనే ఉండేది. షాపులో సీడీ మీదికి ఎక్కిస్తానంటే బాపు ఒప్పుకోలేదు. "మీ ఓనర్ ఇంటడు" అన్నాడు. ఓనరు లేనప్పుడు నేనొక్కదాన్నే ఎక్కిస్తానని, ఎక్కించాక షాపు కంప్యూటర్లో ఏమీ మిగలకుండా తుడిచేస్తానని చెప్పి చెప్పి ఒప్పించాను. ఈలోపు బంద్ వచ్చింది. షాపు షట్టరు లేవలేదు. దాని వెనకే రైల్ రోకో అన్నారు. మా రైలు రద్దయింది. ఆపరేషన్ తేదీ మాత్రం కదలదు. విమానంలో రెండే సీట్లు దొరికాయి. అమ్మ ఇంటి దగ్గర ఆగిపోయింది. దారిలో తినమని సర్వపిండి కాల్చి మూట కట్టింది. బాపూ నేనూ ఒక అద్దె కారులో తెల్లవారుజామున హైదరాబాదుకు బయల్దేరాం. ల్యాప్‌టాప్‌ను ఇంట్లో వదిలిపెట్టవచ్చు. కానీ తాళం వేసిన ఇంటినే బాపు నమ్మడు. అమ్మ ఒక్కతే ఉండే ఇంటిని అసలే నమ్మడు. "ఎంబడి పట్టుకో" అన్నాడు.

కారు డ్రైవరు గల్ఫ్‌కు పోయేవాళ్ళను తరచూ విమానాశ్రయంలో దించి వచ్చే మనిషి. ఒళ్ళో ల్యాప్‌టాప్ సంచి పెట్టుకొని కూర్చున్న నన్ను అద్దంలో చూసి, "అక్కా, గది ల్యాప్‌టాపేనా? జర పైలం" అన్నాడు.

"ఎందుకన్నా?"

"ఆడ ఎక్స్‌రే మిషన్ల వేస్తరు. అండ్లకెల్లి వోతె లోపలున్న ఫొటోలు, పాటలు అన్ని తుడుచుకపోతయని అంటరు."

వెనక సీట్లో కళ్ళు మూసుకున్న బాపు కళ్ళు తెరిచాడు.

"గట్లేం కాదన్నా, ఎక్స్‌రేకు ఏం కాదు" అన్నాను. నా గొంతులో ఉండాల్సినంత ధైర్యం లేదు. షాపులో నేను చదివింది గుర్తుకు తెచ్చుకున్నాను. సరిగ్గానే గుర్తుందా అని నాకే అనుమానం వచ్చింది.

"ఏమో మరి. ఇంకోటి చెప్త. మిషన్ అవుతలికెల్లి వచ్చినంక జల్ది అందుకోవాలె. లేకుంటె మారిపోతయ్. మా దోస్తు ఫోను గట్లనే పోయింది. ఈడ పెట్టిండు, ఆడ లేదు."

అక్కడినుంచి హైదరాబాదు దాకా బాపు నిద్రపోలేదు. ప్రతి ఊరి దగ్గరా నా ఒళ్ళో సంచి ఉందో లేదో చూసుకుంటూ వచ్చాడు. నేను దారిలోనే ల్యాప్‌టాప్ ఒకసారి తెరిచి, ఫైళ్ళన్నీ ఉన్నాయని ఆయనకు చూపించి, పూర్తిగా ఆపేసి మూత వేశాను. ఆ పని ఆయన కళ్ళ ముందే చేశాను.

మేమిద్దరం విమానాశ్రయం లోపలికి పోవడం అదే మొదటిసారి. బాపు మెరిసే నేలను గానీ అద్దాలను గానీ పట్టించుకోలేదు. తుపాకీలతో నిలబడ్డవాళ్ళను, వాళ్ళు ఎవరి వైపు చూస్తున్నారో, ఎవరి వైపు చూడటం లేదో గమనించాడు. సెక్యూరిటీ వరుసలో నిలబడ్డప్పుడు మా వెనక నీలం చొక్కా వేసుకున్న ఒకాయన ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. భుజానికి నా సంచిలాంటిదే నల్ల సంచి.

"చెల్లె, ల్యాప్‌టాప్ సంచిలకెల్లి తీసి పక్కకు ట్రేల వెట్టాలె. ఫోను గూడ. మొదటిసారా?" అని అడిగాడు.

మన దిక్కు మాట వినపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "అవునన్నా. మీదేడ?"

"మాది మంచిర్యాల దిక్కే."

బాపు నా మోచేయి పట్టుకొని ముందుకు లాగాడు. బొంగురు గొంతుతో నా చెవిలో, "అడగకముందే చెప్తుండు. ఎందుకు?" అన్నాడు.

"సాయం జేస్తుండు బాపూ."

"ఆయన సంచి సూసినవా? నీదాని లెక్కనే ఉన్నది."

నాకు తెలియకుండానే నేనూ ఆ సంచి వైపు చూశాను. అప్పటినుంచి ఆ మనిషి మామూలు మనిషిలా కనపడలేదు. ఆయన గడియారం చూసుకుంటే ఎందుకు చూసుకున్నాడని అనిపించింది. మా ట్రే వైపు చూస్తే మా ట్రే వైపే చూశాడనిపించింది.

ల్యాప్‌టాప్‌ను ట్రేలో పెట్టి బెల్టు మీదికి తోశాను. అది రబ్బరు తెరల కిందికి పోయింది. దాని వెంటే అవతలికి పోవచ్చని అనుకున్నాను. కానీ ఆడవాళ్ళ తనిఖీ వేరే. ఒక పక్కకు తెర కట్టిన చిన్న గది, దాని ముందు వరుస. నాకంటే ముందు ఒక పెళ్ళికూతురిలాంటి అమ్మాయి మోచేతుల దాకా గాజులతో నిలబడి ఉంది. మిషను ప్రతి గాజుకూ కూత పెట్టింది. నేను మెడ చాచి బెల్టు చివరికి చూడటానికి ప్రయత్నించాను. తెరే కనపడింది. బాపు మగవాళ్ళ వైపు ముందే ఉన్నాడు కదా, ఆయన చూసుకుంటాడులే అనుకున్నాను.

బాపు కూడా ఆగిపోయాడని నాకు తర్వాత తెలిసింది. బాయి మీద క్యాప్ ల్యాంపు బ్యాటరీ కట్టుకునే వెడల్పాటి తోలు బెల్టు ఒకటి ఆయన నడుముకు ఎప్పుడూ ఉండేది. దాని ఇనుప బకిలు దగ్గర మిషను మోగింది. బెల్టు విప్పమన్నారు. మెడకు చుట్టుకున్న మఫ్లరు కూడా తీయమన్నారు. గొంతు వాపు కనపడుతుందని బాపు ఇంట్లో కూడా తీసేవాడు కాదు. తనిఖీ చేసే జవానుకు తెలుగు రాదు. బాపు మాట బయటికి రాదు. నేను తెర గదిలోంచి బయటికొచ్చేసరికి ఆయన ఒక చేత్తో ప్యాంటు పట్టుకొని, ఇంకో చెయ్యి పైకెత్తి నిలబడి ఉన్నాడు. ఆ జవాను అమర్యాదగా ఏమీ చేయలేదు. మర్యాదగానే తడిమాడు. కానీ బాపు చెయ్యెత్తి నిలబడటం నేను అంతకుముందు చూడలేదు.

నేను బెల్టు చివరికి పరుగెత్తాను. నా సంచి ఉంది. ఫోను ఉంది. ఒక నల్ల ల్యాప్‌టాప్ కూడా ఉంది. చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసింది. బరువు తక్కువ. అంచులు అరగలేదు. నాది కాదు. నీలం చొక్కా ఆయన అక్కడ లేడు.

బాపు బెల్టు బిగించుకుంటూ వచ్చి నా ముఖం చూడగానే అర్థం చేసుకున్నాడు.

"నేను చెప్పలే?" అన్నాడు.

అక్కడున్న అధికారికి వచ్చీరాని హిందీలో విషయం చెప్పాను. ఆయన ఆ ల్యాప్‌టాప్ తీసుకుని, "ఎవరో పొరపాటున మార్చుకొని ఉంటారు, మైకులో చెప్పిస్తాను, ఇక్కడే నిలబడండి" అన్నాడు. నేను నిలబడ్డాను. పక్కకు తిరిగి చూస్తే బాపు లేడు. దూరంగా గేట్ల వైపు నడుస్తూ కనపడ్డాడు. వరుసగా కూర్చున్నవాళ్ళ ముందు నుంచి, ప్రతి సంచినీ చూస్తూ, షిఫ్టు మారే వేళ నడిచినట్టే నడుస్తున్నాడు. అధికారికి చెప్పి ఆయన వెనక పరుగెత్తాను.

నీలం చొక్కా ఆయన మా గేటు దగ్గరే కూర్చొని టీ తాగుతున్నాడు. బాపు ఆయన ముందు నిలబడి, సంచి వైపు వేలు చూపించాడు.

"తెరువు."

ఆయన తల ఎత్తాడు. "ఏంది కాకా?"

"సంచి తెరువు."

"అన్నా, మా ల్యాప్‌టాప్ మారిపోయింది. ఏమనుకోకు..." అన్నాను. ఏమనుకోవద్దని అన్నానే గానీ, తెరవవద్దని అనలేదు. నా కళ్ళు కూడా ఆ సంచి మీదే ఉన్నాయి.

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. చుట్టూ జనం చూస్తున్నారు. ముఖం ఎర్రబడింది. సంచి జిప్పు తీసి ల్యాప్‌టాప్ బయటికి లాగాడు. వెండి రంగుది. నల్లది సంచి ఒక్కటే.

"సూసుకో కాకా. ఇంకేమన్న సూస్తవా? జేబులు సూస్తవా?" అన్నాడు.

బాపు నిజంగానే ఒక్క క్షణం ఆయన జేబుల వైపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగాడు. నేను ఏదో అన్నాను. ఆయన వినలేదో, విననట్టు ఉన్నాడో, సంచి మూసి ముఖం అటు తిప్పుకున్నాడు.

మేము తిరిగి వచ్చేసరికి అధికారి దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. నలగని ఖద్దరు చీర, చెవికి ఫోను. ఢిల్లీ విమానానికి పోతోందట. ఆమె చేతిలో నా ల్యాప్‌టాప్. నాకంటే ముందు ఆవిడే అడిగింది.

"మీరు నా సిస్టం తెరిచారా?"

"లేదు మేడం. ముట్టుకుని పక్కన పెట్టిన."

"అందులో ఆఫీసు ఫైల్స్ ఉన్నాయి. నిజం చెప్పండి. ఎవరికైనా ఇచ్చారా? పెన్‌డ్రైవ్ ఏమైనా పెట్టారా?"

అధికారి తన దగ్గరే ఉందని చెప్పినా ఆవిడ అక్కడే బల్ల మీద తన ల్యాప్‌టాప్ తెరిచి, ఒక్కొక్కటీ నొక్కి చూసుకుంది. మధ్యమధ్య నా వైపు, ఎక్కువగా బాపు వైపు చూసింది. మఫ్లరు, అరిగిన బెల్టు, గరగరమనే గొంతు. అంతసేపూ తను ఇతరులను చూసిన చూపును ఆయన ఇప్పుడు ఎదురుగా చూస్తున్నాడు.

నేను నాది తెరిచాను. కారులో పూర్తిగా ఆపేసిన యంత్రం. మూత ఎత్తగానే తెర వెలిగింది. అడుగుభాగం వెచ్చగా ఉంది.

"మేడం, దీన్ని ఆన్ చేసిండ్రా?"

"నాదే అనుకొని ఆన్ చేశాను. పాస్‌వర్డ్ అడగలేదు. అప్పుడే నాది కాదని తెలిసింది. అంతే."

"లోపట ఏం జేసినవమ్మా?" అన్నాడు బాపు.

ఆవిడకు ఆ గొంతు అర్థం కాలేదు. "ఏమంటున్నారు?" అని నన్ను అడిగింది.

"లోపల ఏమన్న జేసిండ్రా అని అడుగుతుండు."

"నాకేం పని అందులో?"

ఫోల్డరు తెరిచాను. ఫైళ్ళు ఉన్నాయి. పేర్లు ఉన్నంత మాత్రాన లోపల ఉన్నట్టా? డ్రైవరు మాట గుర్తొచ్చింది. చేతికి అందిన ఒకదాన్ని నొక్కాను. సౌండు పూర్తిగా పెంచి ఉందని చూసుకోలేదు.

"చెయ్యి లేపు కాకా! జేబుల ఏమున్నదో నువ్వు చెప్తవా, నన్ను తియ్యమంటవా? టోపీ తియ్యి. గట్ల కాదు, తిప్పి సూపెట్టు!"

ఆ హాలంతా ఆ గొంతు మోగింది. వరుసలో నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు. ఇందాక బాపును తడిమిన జవాను చేతిలో కర్రలాంటి మిషను అలాగే పట్టుకొని ఆగిపోయాడు. ఎవరో నవ్వారు. నేను కంగారుగా ఆపేశాను.

బాపు మాత్రం నవ్వలేదు. కొన్ని వారాల కిందటి గొంతు అది. ఈలోగా ఆయన గొంతు ఇంకా పాడైంది. ల్యాప్‌టాప్ వైపు కొంచెం వంగి, "నేనేనా గది?" అని అడిగాడు.

"నువ్వే బాపూ."

"అంత గట్టిగుండెనా?"

ఆ ఖద్దరు చీర ఆవిడ తన ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటూ ఆయన మెడ వైపు మొదటిసారి సరిగ్గా చూసింది. "జాగ్రత్తగా వెళ్ళండి" అని వెళ్ళిపోయింది. ఆమె వెళ్తుంటే ఆ సంచిని బాపు చివరిదాకా చూశాడు.

విమానంలో నీలం చొక్కా ఆయన మా ముందు వరుసలోనే పడ్డాడు. విమానం పైకి లేచాక బాపు అమ్మ కట్టిన మూట విప్పి, ఒక సర్వపిండి ముక్క కాగితంలో పెట్టి నాకిచ్చాడు. ముందుకు ఇమ్మని తలతో సైగ చేశాడు. క్షమించమని అడగడం ఆయనకు రాదు. నేను లేచి ఇచ్చాను. "మా ఇంట్ల చేసిందన్నా" అన్నాను. ఆయన తీసుకున్నాడు. కాగితం విప్పి చూశాడు, వాసన చూశాడు. మా ఇద్దరి ముఖాలూ చూశాడు. "తర్వాత తింట చెల్లె" అని మళ్ళీ మడిచి ముందు సీటు జేబులో పెట్టాడు. దిగేటప్పుడు ఆ మడత అక్కడే ఉంది. బాపు దాన్ని తీసి తన జేబులో వేసుకున్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. ముంబైలో ఉన్నన్నాళ్ళూ ల్యాప్‌టాప్‌ను తలకింద పెట్టుకొని పడుకున్నాను. తిరిగొచ్చేటప్పటికి రైళ్ళు నడుస్తున్నాయి. షట్టర్లు లేచిన మొదటి రోజే సీడీలు తీశాను, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను, తమ్ముడికి ఒకటి పంపాను. ల్యాప్‌టాప్‌కు పాస్‌వర్డ్ పెట్టాను. బాపు చేతికి ఒక పిల్లల పలక ఇచ్చాం. పాస్‌వర్డ్ ఏమిటని పలక మీద రాసి అడిగాడు. చెప్పాను. చెరిపేసి మళ్ళీ రాశాడు: "నాకు ఎరుకైంది. మార్చు."

మొదట్లో ఆ గొంతు ఇంట్లో వినిపిస్తే ఆయన చేత్తో ఆపమనేవాడు. అమ్మ ఆయన బజారుకు పోయినప్పుడు పెట్టించుకొని వినేది. ఒకరోజు ఆయనే వచ్చి కూర్చొని, మొత్తం పెట్టమన్నాడు. కొన్ని రోజులు పట్టింది. అంతా అయ్యాక పలక తీసుకున్నాడు.

"ఒకటి లేదు."

"ఏది బాపూ?"

ఆయన రాసింది: "ఆమె తీసింది."

ఆమె అంటే ఎవరో నాకు అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. "ఆ మేడంకు మన ముచ్చట్లతోని ఏం పని బాపూ? నువ్వు చెప్పినయన్ని నేనే పట్టిన. అన్ని ఉన్నయ్" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. అడిగినకొద్దీ అదే రెండు మాటల కింద గీతలు గీశాడు.

ఆయన పొరపడుతున్నాడనే అనుకున్నాను. ఆ సాయంత్రం వంటింట్లో అమ్మతో చెప్తే, ఆమె చేతిలో పని ఆపింది.

"ఒకనాడు నువ్వు షాపుకాడికి పోయినవ్. డబ్బ ఇంట్లనే వెట్టి పోయినవ్. ఆయన తలుపు దగ్గరికేసుకొని దాని ముందట కూసున్నడు. మాట్లాడుతున్నట్టే ఇనవడ్డది. నేను దేవునికి మొక్కుకుంటుండు అనుకొని పోలే."

"ఏమన్నడు?"

"ఇనలే బిడ్డా."

నేను ఎట్లా మొదలుపెడతానో, ఎక్కడ నొక్కుతానో ఆయన అన్ని సాయంత్రాలూ పక్కనే కూర్చొని చూశాడు. చూసినట్టే చేసి ఉండవచ్చు. చేసి, దాన్ని భద్రపరచడం తెలియక మూసేసి ఉండవచ్చు. లేదా అది నిజంగానే లోపల ఉండి, కారులో నేను హడావిడిగా చూసినప్పుడు కూడా ఉండి, ఆ తర్వాత లేకుండా పోయిందేమో. కారులో ఎన్ని ఫైళ్ళున్నాయో నేను లెక్కపెట్టలేదు. పోయిన ఫైళ్ళను వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి సంపాదించి వెతికాను. పేరు లేని ముక్కలు కొన్ని దొరికాయి. ఒకదాంట్లో కుర్చీ జరిపిన చప్పుడుంది. ఇంకోదాంట్లో ఏమీ లేదు. ఆ ఆవిడ అలాంటి పని చేసి ఉంటుందని నేను అనుకోను. చేయలేదని ప్రమాణం చేయమంటే మాత్రం చేయలేను. ఆ అడుగుభాగం వెచ్చదనం ఇప్పటికీ నా అరచేతికి గుర్తుంది.

"ఏం చెప్పినవో పలక మీద రాయరాదు బాపూ" అని బతిమిలాడాను. ఆయన రాయలేదు. "రాసేది కాదు" అని మాత్రం రాసి చెరిపేశాడు.

ఆ తర్వాత, ఆ పోయినదాన్ని తనే వెతుక్కోవడానికి కావచ్చు, ఆయన నా షాపుకు రావడం మొదలుపెట్టాడు. ఓనరు టీ తెప్పిస్తే ముందు కప్పులోకి తేరిపార చూసి, తర్వాత తాగేవాడు. మౌసు పట్టుకోవడం నేర్చుకున్నాడు. మొదట్లో బాణం గుర్తు తెర అంతా పారిపోయేది, ఆయన వేలితో తెర మీదే దాన్ని ఆపడానికి చూసేవాడు. కొన్ని నెలలకు, నేను పాస్‌వర్డ్ కొట్టి ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్లు తనే తెరిచి, ఒక్కొక్క ఫైలూ మొదటి నుంచి చివరి దాకా వినేవాడు. ఏది విన్నాడో, ఏది వినలేదో నన్ను చూడనిచ్చేవాడు కాదు.

తెలంగాణ వచ్చిన రోజు పొద్దున చౌరస్తాలో పటాకుల మోత. డప్పులు, రంగులు. ఓనరు షాపు వదిలేసి రోడ్డు మీద ఎగురుతున్నాడు. నేను బాపును పిలవడానికి లోపలికి వచ్చాను. ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని తెర ముందు కూర్చుని ఉన్నాడు. బయటి మోత ఏదీ ఆయనకు తెలియడం లేదు. లోపల ఏం వినిపిస్తోందో నాకు తెలియదు. ఆ మాటలతో పాటే ఆయన పెదాలు కదులుతున్నాయి. భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి, ముందు ల్యాప్‌టాప్ మూత వేసి, తర్వాత నా వైపు తిరిగాడు.